నా వరండాలో వెలిసిన కుట్టుమిషన్ల దుకాణం

కుట్టుమిషన్లు బాగుచేసే ఆవిడ గెలిచిన తగాదా ఒకటి నా కళ్లారా చూశాను. ఒక పెద్దమనిషి మిషన్ మోసుకొచ్చి ఆవిడ బల్ల మీద దడాలున పెట్టాడు. "నువ్వు చెయ్యి పెట్టాక కుట్టు తప్పుతోంది. ఆడవాళ్లకి ఇనుము పనులెందుకు?" అని వీధంతా వినేలా అరిచాడు. ఆవిడ మిషన్ తన వైపు తిప్పుకుంది. సూది తీసి, తిప్పి బిగించింది. దారం ఎక్కించింది. ఆయన చొక్కా అంచు పట్టి లాగి, ఆయన చేతిలోని గుడ్డసంచికి కలిపి బర్రున కుట్టేసింది.

"ఇప్పుడు లాగండి. ఎక్కడ తప్పిందో చూపించండి."

లాగాడు. చొక్కా సాగింది, సంచి సాగింది, కుట్టు మాత్రం కదల్లేదు. వారం రోజులుగా సూది తిరగేసి పెట్టుకుని కుడుతున్నాడట మహానుభావుడు. సంచి బొడ్డు దగ్గర వేలాడుతుండగా, మిషన్ ఎత్తుకుని తలొంచుకుని వెళ్లిపోయాడు.

అలాంటి ఆవిడ నిరుడు నా వరండాలో కూర్చుని కళ్లు తుడుచుకుంది. రోడ్డు వెడల్పు చేస్తామని వాళ్ల నాన్న నాటి దుకాణం పడగొట్టేశారు. మా వెనక సందులో రేకుల గది ఒకటి అద్దెకు తీసుకుంది. అక్కడ దుకాణం ఉందని పక్కింటివాళ్లకే తెలియదు, ఇక మిషన్లు ఎవరు తెస్తారు?

"ఇంకో రెండు నెలలు చూస్తాను పిన్నీ. తర్వాత పనిముట్లన్నీ అమ్మేసి, బట్టల షాపులో మడతలు పెట్టే పనికి పోతాను."

"మడతలు పెట్టడం వచ్చా నీకు?"

"రాదు."

"మరి ముక్కు చీదుకుని ఇంకో దారి చూడు."

ఆ దారి ఫోనులో ఉందని ఆవిడే కనిపెట్టింది. ఇప్పటి జనం దారిన పోయేవాళ్లను అడగరు, ఫోన్ని అడుగుతారు. అది మన పేరు చెప్పాలంటే ముందు మన సంగతి మనమే దానికి చెప్పుకోవాలట. రేకుల కింద సిగ్నల్ అందదని, నా వరండాలో నా కుర్చీలోనే కూర్చుని రాయడం మొదలుపెట్టింది. దుకాణం పేరు దగ్గర పాత బోర్డు మీద ఉన్నదే దించింది: వాళ్ల నాన్న పేరు, పక్కన 'అండ్ సన్స్'. ఆయనకు ఉన్నది ఈ ఒక్క కూతురే. కొడుకులు పుట్టకపోతారా అని బోర్డు ముందే రాయించి పెట్టుకున్నాడు.

నా చదువు మూడో తరగతితో ఆగింది. అయితే మాత్రం? "ఏమే, మిషన్ ఆగిపోయినవాడు మీ నాన్నని వెతుకుతాడా, మిషన్ బాగుచేసేవాళ్లని వెతుకుతాడా?" అన్నాను.

ఆవిడ నా వైపు అదోలా చూసింది. పేరు ముందు 'కుట్టుమిషన్ రిపేరు' అని చేర్చింది. తెరిచే వేళలు రాసింది, దుకాణం ఫొటోలు పెట్టింది. చివర్లో ఫోను మ్యాపు చూపించి, మీ దుకాణం ఇక్కడేనా అని అడిగింది. ఆవిడ అవునని నొక్కేసింది. తను కూర్చున్నది నా వరండాలో అన్న సంగతి మరిచిపోయింది.

పదో రోజు పొద్దున్నే తలుపు తీస్తే, మిషన్ చంకన పెట్టుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు.

"రిపేరు ఇక్కడేనా అండీ?"

"ఇది ఇల్లు."

"ఫోను ఇక్కడే అంటోంది."

"ఫోనేమైనా ఇక్కడ కాపురముంటోందా?"

ఆయనకు వెనక సందు దారి చూపించేలోపు ఇంకో అమ్మాయి, ఆ వెనక మరో ఇద్దరు. ఊరికే దారి చూపించి పంపడం నా వల్ల కాదు. దుమ్ము పట్టిన మిషన్ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. "దీనికి నూనె చుక్క వేసి ఎన్నేళ్లయింది? నీ తలకి మాత్రం రోజూ పట్టిస్తావు!" అని ఒకమ్మాయిని కడిగేశాను. ఇంకొకాయన మిషన్‌లో సూది తిరగేసి ఉంది. "దీనికి రిపేరెందుకు? తిప్పి పెట్టుకో, పో!" అని గుమ్మం నుంచే పంపేశాను.

సంగతి తెలిసి ఆవిడ పరుగెత్తుకొచ్చింది. లెంపలు వేసుకుని, మ్యాపులో గుర్తును తన రేకుల గదికి జరిపింది. రెండు రోజుల్లో నా గుమ్మం ఖాళీ అయిపోయింది. నాకూ హాయిగానే ఉంది. మొదటి రోజు.

రెండు నెలల గడువు ఇంకో వారంలో తీరుతుందనగా మళ్లీ వచ్చింది. మొహం చూస్తే నవ్వో ఏడుపో తెలియడం లేదు.

"ఎవరూ రావడం లేదా ఏమిటే?"

"వస్తున్నారు పిన్నీ. వచ్చి, 'ఆ ముసలావిడ ఏదీ?' అంటున్నారు."

ఫోనులో జనం రాసినవి చదివి వినిపించింది. ముసలావిడ తిడుతుంది గానీ నిజం చెబుతుంది అని ఒకరు. అక్కర్లేని రిపేరు అంటగట్టరు, సూది తిప్పుకోమని పంపేశారు అని ఒకరు. నూనె విషయంలో బుద్ధి వచ్చింది అని ఆ తల నూనె పిల్ల.

"ఇవి చూసే ఫోను వెతికినవాళ్లకి నన్ను పైన చూపిస్తోంది పిన్నీ. రోడ్డు మీది పెద్ద రిపేరు షాపు ఇప్పుడు నా కింద ఉంది."

"అయితే పనిముట్లు అమ్మవన్నమాట."

"అది నీ చేతిలో ఉంది. నీ కుర్చీ తీసుకెళ్లి నా దుకాణం గుమ్మంలో వేస్తాను. రోజూ పొద్దున రెండు గంటలు వచ్చి కూర్చో."

"కూర్చుని ఏం చెయ్యను? నాకు స్క్రూ తిప్పడం కూడా రాదు."

"ఏమీ తిప్పొద్దు. వచ్చినవాళ్లని నాలుగు తిట్టు, చాలు. నాలుగే పిన్నీ, ఐదోది వద్దు."