పెళ్ళి ఫోటోలో కనిపించని కళ్ళజోళ్ళు

"ఆ గుమాస్తా చొక్కా ఏ రంగు?" అని అడిగారు పెద్దాయన, నేను రాసిచ్చిన కాగితం మీంచి తల ఎత్తకుండానే.

గుంటూరులో ఒక పత్రికాఫీసు మేడమీది గది అది. పెద్దాయనంటే అక్కడి విలేకరులందరికీ పెద్ద. నేను ఉద్యోగం కోసం వచ్చిన ఇరవై రెండేళ్ళవాణ్ణి. మిర్చి యార్డుకెళ్ళి గంటసేపు తిరిగి, చూసింది రాసుకు రమ్మన్నారు. "విన్నది వద్దు, చూసింది రాయి" అని రెండుసార్లు చెప్పి మరీ పంపారు. వెళ్ళాను, తిరిగాను, రాసి తెచ్చాను. ఇప్పుడీ చొక్కా ప్రశ్న.

"తెలుపండి" అన్నాను. గుమాస్తాలు తెల్లచొక్కాలే వేసుకుంటారని ఒక నమ్మకం.

"మధ్యాహ్నం మూడు దాటాక మిర్చి యార్డులో తెల్లచొక్కా ఎవరికుంటదోయ్?" అన్నారాయన.

నిజానికి ఆ గుమాస్తా మాట విన్నానే గాని మనిషిని నేను చూడలేదు. ఆ రోజు యార్డులో నేను చూసిందల్లా కింద ఎర్రగా ఒక మరక, పైన నీలంగా ఒక మరక. కారణం నా ముక్కుమీద మెరుస్తున్న బంగారు రంగు ఫ్రేము. అదెలా వచ్చిందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఆ రోజుల్లో మా పర్చూరు వైపు పల్లెల్లో కళ్ళజోడంటే రెండు రకాలే. ఒకటి ముసలివాళ్ళది, రెండోది సోడాబుడ్డి. నాది రెండోది. ఐదో తరగతిలో మా నాన్న (అదే బడిలో మాస్టారు) బోర్డు మీద లెక్క చెప్పమంటే నేను లేచి బోర్డు దగ్గరకెళ్ళి వాసన చూస్తున్నట్టు నిలబడ్డానట. ఆ వారమే నల్ల ప్లాస్టిక్ ఫ్రేము నా మొహానికొచ్చింది. ఊళ్ళో పిల్లలు నా పేరు మర్చిపోయారు. "ఒరేయ్ సోడా" అంటే పలికేవాణ్ణి. (ఇప్పటికీ ఊరెళ్తే పలుకుతాను. అలవాటు.) ఏటా పవరు పెరిగేది, అద్దాలు లావయ్యేవి, ఫ్రేము మాత్రం అదే నలుపు. షాపులో వేరే రంగు ఉండేది కాదు, ఉన్నా మా నాన్న కొనేవారు కాదు. "చూపు అద్దంలో ఉంటది గానీ ఫ్రేములో ఉండదు" అనేవారు.

అలాంటి సమయంలో ఆ కొత్త ఫ్రేము వచ్చింది. సన్నటి లోహం, బంగారు రంగు, నుదుటి కింద రెండు అడ్డకడ్డీలు, సగం చెంపదాకా దిగే అద్దాలు. గుంటూరు కుర్రాళ్ళ మొహాల మీద మొదట చూశాను. డిగ్రీ అయ్యాక ట్యూషన్లు చెప్పి దాచిన డబ్బు తీసుకుని బస్సెక్కి కళ్ళద్దాల షాపుకి వెళ్ళాను. షాపాయన నా పాత అద్దాన్ని అంచు నుంచి చూసి నిట్టూర్చారు. "మీ పవరుకి ఇంత పెద్ద ఫ్రేమేస్తే అంచు లావొస్తది బాబూ. సీసా పగలగొట్టి అతికించినట్టుంటది."

"ఫరవాలేదండి."

"బరువుకి ముక్కు మీద గుంటలు పడతాయి."

"పడనివ్వండి."

ఆయన ఇక వాదించలేదు. "బొంబాయి మాలు, ఒక్కటే పీసు వచ్చింది. జిల్లాలో ఇంకోటి చూపించండి" అన్నారు. ఆ ఒక్కటే పీసు పెట్టుకుని నేను ఊళ్ళో దిగాను. నెల తిరిగేసరికి ఆ ఒక్కటే పీసు మా ఊళ్ళో ఆరైంది.

ముందు మా బావ (మేనత్త కొడుకు) తనకు సినిమాలో పేర్లు మసగ్గా కనపడుతున్నాయన్నాడు. తర్వాత మా జట్టులో పొడుగోడికి తలనొప్పి మొదలైంది. మిగతా ముగ్గురికీ బస్సు బోర్డులు ఆనడం మానేశాయి. పత్తి తీతలు అయ్యాయి, ఇళ్ళలో కాస్త డబ్బు ఆడుతోంది, ఐదుగురూ తలా ఒకసారి గుంటూరు వెళ్ళొచ్చారు. సాయంత్రం చర్చి అరుగు మీద ఆరుగురం కూర్చుంటే ఎండ పడి పన్నెండు అద్దాలు మెరిసేవి. "ఊళ్ళో కుర్రోళ్ళందరికీ ఒకేసారి చూపు పోయిందేంటయ్యా, మందులు కొట్టినందుకా?" అని మా పెద్దనాన్న నిజంగానే బెంగపడ్డాడు. ఆ రోజుల్లో పత్తికి కొట్టే మందులు అలాంటివి.

బావకి మాత్రం ఆ ఫ్రేము బాగా కలిసొచ్చింది. పెళ్ళిచూపులకి వెళ్తే పిల్ల తండ్రి పాస్టరు గారితో, "కళ్ళు అరిగేదాకా చదివాడంటే బుద్ధిమంతుడేనండి" అన్నాడట. సంబంధం ఖాయమైంది. ఆ మాట ఊరంతా పాకాక మిగతా నలుగురూ అసలు ఫ్రేము తీయడమే మానేశారు.

బావ పెళ్ళి రోజే నాకు పత్రికాఫీసు నుంచి పిలుపు. పదకొండింటికి మా ఊరి చర్చిలో పెళ్ళి, రెండింటికల్లా గుంటూరులో ఉండాలి. ఈ ఉద్యోగం రాకపోతే మర్నాటి నుంచి పెద్దనాన్న జిన్నింగ్ మిల్లులో పత్తి కాటా దగ్గర కూర్చోవాలని ఇంట్లో ముందే తీర్మానమైపోయింది. పెద్దనాన్న నాకోసం కుర్చీ కూడా తుడిపించి ఉంచాడు. ఆ కుర్చీ ఒకసారి ఎక్కితే దిగడం ఉండదని నాకు తెలుసు. అప్పటిదాకా అందులో కూర్చున్నాయన ఇరవై ఏళ్ళు కూర్చుని, చనిపోతేనే ఖాళీ అయింది.

పెళ్ళి బాగా జరిగింది. పాస్టరు గారి ప్రసంగం ఎప్పట్లా పొడవే. చర్చి మెట్ల మీద ఫోటో దగ్గరే వచ్చింది చిక్కు. ఆరుగురం పెళ్ళికూతురికి అటూ ఇటూ నిలబడ్డాం. చిలకలూరిపేట నుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు కెమెరాలో చూసి తల బయటికి తీశాడు.

"అద్దాలు తీసెయ్యండి బాబూ. ఎండ కొట్టి కళ్ళు కనపట్టల్లా. ఆరుగురికీ టార్చిలైట్లు పెట్టినట్టుంది."

"ఈ ఫోటో కోసమేనయ్యా పెట్టుకుంది" అన్నాడు పొడుగోడు.

"అయితే అద్దాలే వస్తాయి, మీరు రారు."

తీశాం. మా పిన్ని ముందుకొచ్చి కొంగు పడితే ఆరు కళ్ళజోళ్ళూ అందులో వేశాం. ఫోటోగ్రాఫరు ఒకటి తీశాడు, బాగా రాలేదని ఇంకోటి తీశాడు. అంతలో రోడ్డు మీద గుంటూరు బస్సు హారన్ వినిపించింది. దాని తర్వాతది ఎక్కితే నా ఉద్యోగం సంగతి అంతే. నేను పిన్ని దగ్గరకి పరిగెత్తాను.

"ఏదిరా నీది?"

నా కళ్ళజోడు ఏదో చూడాలంటే నాకు కళ్ళజోడు కావాలి. కొంగులో చెయ్యి పెట్టాను. ఒకే కడ్డీ, ఒకే చల్లదనం. అంచుల లావు తడిమి చూసే తీరిక లేక చేతికందింది తీసుకుని, పరుగులో జారిపోతుందని జేబులో వేసుకుని బస్సెక్కాను. సీట్లో కూర్చుని పెట్టుకున్నాను. ఏమీ మారలేదు. తుడిచి మళ్ళీ పెట్టుకున్నాను. కిటికీ బయట పత్తిచేలు మబ్బుల్లాగే ఉన్నాయి. ఎవడిదో తక్కువ పవరుది వచ్చిందనుకున్నాను. బస్సు దిగి వెనక్కి వెళ్ళడమంటే నేరుగా మిల్లులో కుర్చీలోకి వెళ్ళడమే. దిగలేదు.

పెద్దాయనకి ఈ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది. మొదటి రోజే కళ్ళు కనపడవని చెప్పి విలేకరి ఉద్యోగం అడగడం బాగుండదనిపించింది. యార్డుకెళ్ళి తుమ్ముకుంటూ తిరిగాను. కాయ కనపడకపోయినా ఘాటు మాత్రం అందరితో సమానంగానే తగిలింది. రెండుసార్లు టిక్కీలకి (మిరపకాయల బస్తాని అక్కడ టిక్కీ అంటారు) తట్టుకుని పడ్డాను. ఒకసారి చాలా మర్యాదగా, "రైతన్నా, ఈ ఏడు కాపు ఎలా ఉంది?" అని అడిగితే నవ్వులు వినిపించాయి. అది కాటా స్తంభం. ఆఫీసుకొచ్చి నాకు చేతనైంది రాశాను. యార్డు ఎర్రతివాచీ పరిచినట్టు ఉన్నదనీ, రైతుల ముఖాల్లో ఆనందం వెల్లివిరిసిందనీ, ఒక గుమాస్తా చిరునవ్వుతో వివరాలు చెప్పాడనీ.

అక్కడికి తిరిగొచ్చాం. పెద్దాయన కాగితం బల్లమీద పెట్టారు.

"ఆనందం వెల్లివిరిసింది అన్నావు. నువ్వు చూశావా?"

"చూడలేదండి."

"చిరునవ్వు?"

"అదీ చూడలేదండి. గొంతు నవ్వినట్టుంది." ఆ తర్వాత ఇక దాచి లాభం లేదని, పెళ్ళి, ఫోటో, పిన్ని కొంగు, బస్సు, అన్నీ వరసగా చెప్పేశాను. కాటా స్తంభం సంగతి ఒక్కటి మాత్రం చెప్పలేదు.

ఆయన చెయ్యి చాచారు. నా కళ్ళజోడు తీసి ఇచ్చాను. దాన్ని పేపరు మీద పెట్టి అటూ ఇటూ జరిపారు. దూరంగా పట్టుకుని కిటికీలోంచి చూశారు. తన కళ్ళజోడు తీసి దీన్ని పెట్టుకుని చూశారు. అప్పుడు మొదటిసారి నవ్వారు.

"ఇందులో పవరు లేదోయ్. ఇది కిటికీ అద్దం."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. మా ఆరుగురిలో ఒకడికి చూపు నిక్షేపంగా ఉంది.

పెద్దాయన తన కళ్ళజోడు నా ముందుకి తోశారు. నల్ల ప్లాస్టిక్ ఫ్రేము, దళసరి అద్దాలు, ఒక పక్క చెవికొమ్మకి దారం చుట్టి ఉంది. నేను పదకొండేళ్ళు మోసి వదిలించుకున్నదే. "ఇది పెట్టుకుని మళ్ళీ వెళ్ళిరా. పొద్దు గుంకేదాకా కాటాలుంటాయి. ఈసారి తివాచీలు పరచకు."

ఆయన పవరు నాకు పూర్తిగా సరిపోలేదు, నేల కాస్త వంగినట్టుండేది. కానీ యార్డు కనిపించింది. గుమాస్తా చొక్కా ఇటుకరంగుకి తిరిగి ఉంది. తొడిమలు తీసే ఆడవాళ్ళు కళ్ళు తప్ప మొహమంతా గుడ్డ చుట్టుకుని ఉన్నారు, ఆనందం వెల్లివిరిసినా బయటికి వచ్చే దారి లేదు. ఒక ముసలి రైతు తన టిక్కీల మీదే పడుకుని నిద్రపోతున్నాడు, కండువా ఒక కొస బస్తా చెవికి, రెండో కొస తన మణికట్టుకి ముడేసుకుని. ఎవరన్నా బస్తా కదిపితే మెలకువ వచ్చే ఏర్పాటు. ఆ ముడి గురించి నాలుగు వాక్యాలు రాశాను. తిరిగొచ్చేసరికి పెద్దాయన బంగారు రంగు ఫ్రేము పెట్టుకునే కూర్చుని ఉన్నారు, కుర్ర సబ్ ఎడిటర్లు మొహాలు పక్కకి తిప్పుకుంటున్నారు. ఆయన తన కళ్ళజోడు తీసుకుని ఆ నాలుగు వాక్యాలూ రెండుసార్లు చదివారు. "సోమవారం రా. నీది నువ్వు తెచ్చుకో" అన్నారు. మిల్లులో కుర్చీ ఇంకెవరికో దొరికింది.

గది వెతుక్కోవడానికి గుంటూరులోనే ఆగి, ఆదివారం ఊరెళ్తే నా అసలు కళ్ళజోడు పిన్ని ఇంట్లో గూట్లో ఉంది.

"అందరూ ఎవరివి వాళ్ళు తీసుకున్నారు. ఇదొక్కటి మిగిలింది" అంది.

"తనది కనపట్టల్లేదని ఎవరూ అడగలేదా పిన్నీ?"

"ఎవరూ అడగలా."

చర్చి అరుగు మీద ఐదుగురూ కూర్చుని ఉన్నారు. ఐదుగురి మొహాలకీ ఫ్రేములున్నాయి. నా జేబులోది తీసి మధ్యలో పెట్టాను.

"ఇదెవరిదిరా?"

"నాది నా మొహానే ఉందిగా" అన్నాడు పొడుగోడు. మిగతావాళ్ళూ అదే అన్నారు. బావ కొత్త పెళ్ళికొడుకు కదా, తీరిగ్గా చేతిలోకి తీసుకుని చూసి, "పాపం, ఎవడో వెతుక్కుంటూ ఉంటాడు" అన్నాడు.

ఈ మూడు రోజుల్లో ఎవడో మళ్ళీ గుంటూరు వెళ్ళి కొత్తది కొన్నాడన్నమాట. కొత్తగా విలేకరినయ్యాను, వదుల్తానా? సోమవారం ఆఫీసుకి వెళ్తూ షాపాయన దగ్గర ఆగాను. "మా ఊరివాళ్ళెవరన్నా పవరు లేని అద్దాలు వేయించుకున్నారా అండి?" అని అడిగాను. ఆయన ఫ్రేము తుడుస్తూ, "ఎవరి సంగతి అడుగుతున్నారు బాబూ?" అన్నారు. అంటే ఒకడు కాదన్నమాట. అంతకుమించి ఆయన చెప్పలేదు. నా వృత్తిలో నాకు మొదట నోరు విప్పనివాడు ఆయనే.

మొన్న మా అమ్మాయి నన్ను ఫ్రేము మార్పించడానికి తీసుకెళ్ళింది. షాపులో పిల్ల ఒకటి తీసి నా ముక్కుమీద పెట్టి, "ఇదిప్పుడు బాగా ట్రెండింగ్ అంకుల్" అంది. అద్దంలో చూసుకుంటే నల్ల ఫ్రేములో పెద్దాయన కనిపించారు, దారం ఒక్కటే తక్కువ. పక్క గోడకి పవరు లేనివి వరసగా వేలాడదీసి ఉన్నాయి. కుర్రాళ్ళు దర్జాగా అడిగి కొనుక్కుంటున్నారు, ఎవరికీ సిగ్గు లేదు. నాకు కాస్త అసూయ వేసింది. నల్లదే తీసుకున్నాను.

ఇంటికొచ్చి బావ పెళ్ళి ఫోటో తీసి, కొత్త అద్దాలతో దగ్గరగా చూశాను. ఆరుగురిలో ఎవరి మొహానా కళ్ళజోడు లేదు. చూపు లేనివాడు కళ్ళు చికిలించాలి కదా అని లెక్కేశాను. ముగ్గురు చికిలించారు. ముగ్గురు కెమెరా వైపు సూటిగా, నిబ్బరంగా చూస్తున్నారు. బావ, పొడుగోడు, నేను. నాకు అసలు కెమెరా ఎటుందో తెలియదు కాబట్టి చికిలించలేదు. కనుక ఆ సాక్ష్యం చెల్లదు.

ఆ బంగారు రంగు ఫ్రేము నా సొరుగులోనే ఉంది. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.