దోర్నాల నుంచి స్టీరింగ్ నా చేతిలో

మా అత్తయ్య మొక్కు తీర్చడానికి ఆదివారం ఉదయం అయిదున్నరకు మార్కాపురం నుంచి శ్రీశైలం బయలుదేరాం. పన్నెండు సీట్ల అద్దె వ్యాన్‌లో మేం తొమ్మిదిమందిమి. డ్రైవరు మస్తాన్ మా వీధివాడే, బండీ అతనిదే. ఎక్కేటప్పుడే అతని ముఖం పీక్కుపోయి ఉంది. అప్పుడే అడగాల్సింది.

ఆరున్నరకు దోర్నాల. మేం హోటల్లో ఇడ్లీ తింటుండగా మస్తాన్ రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. పక్క సందులోని డాక్టరు సెలైన్ ఎక్కించి, సాయంత్రం దాకా లేవకూడదన్నాడు. ఇంకో డ్రైవరు కోసం గంటసేపు ఫోన్లు చేశాం. ఒక్కరూ ఖాళీగా లేరు.

మా మరిది సుబ్బారావు తాళం అందుకున్నాడు. "ట్రాక్టరు తోలినోణ్ని, ఇదెంత వదినా?"

అతని లైసెన్సు తీయించి చూశాను. గేరున్న మోటార్ సైకిల్, అదొక్కటే క్లాసు. మాలో కారు లైసెన్సున్నది నాకే, బడికి రోజూ కారులోనే వెళ్తాను. కానీ పసుపు నంబరు ప్లేటున్న అద్దె బండి నేను నడపవచ్చా?

హోటలాయన ఒకప్పుడు లారీ నడిపినవాడు. "ఏడున్నర టన్నుల లోపలైతే కారు లైసెన్సే చాలమ్మా. అద్దె బండికని వేరే బ్యాడ్జీ ఇప్పుడు అడగరు. బస్సు, పెద్ద లారీ అయితేనే హెవీ కావాల" అన్నాడు.

వ్యాన్ పక్కన రాసి ఉన్న బరువు చూశాను. నాలుగున్నర టన్నులు. లెక్కల టీచర్ని అయ్యుండి కూడా ఆ అంకె మూడుసార్లు చదివాను.

"నువ్వే తోలక్కా, వానికియ్యొద్దు" అన్నాడు మస్తాన్ డాక్టరు దగ్గర మంచం మీద నుంచి.

ఎనిమిదికి అటవీ చెక్‌పోస్టు. లైసెన్సు కార్డు చేతిలో పట్టుకునే ఉన్నాను. గార్డు "ప్లాస్టిక్ సీసాలున్నాయా?" అని మాత్రం అడిగాడు. ఆ తర్వాత ఘాటు రోడ్డు. ప్రతి మలుపులోనూ ఎదురుగా బస్సు వస్తుందేమోనని భయం. అరచేతుల చెమటకు స్టీరింగ్ జారుతోంది. వెనక నుంచి సుబ్బారావు "హారన్ కొట్టు వదినా" అంటూనే ఉన్నాడు. పదింబావుకు చేరాం. దర్శనం క్యూలోనూ నాకు దిగాల్సిన మలుపులే కనిపించాయి.

రెండింటికి తిరుగు ప్రయాణం. ఘాటు ఎక్కిన గేర్లోనే దిగాను, మీరూ అలాగే దిగండి. నాలుగున్నరకు దోర్నాలలో మస్తాన్ పెరుగన్నం తింటూ కనిపించాడు. బండి తీయడానికి డాక్టరు సరేనన్నాడట. తాళంతో పాటు నా కార్డూ గర్వంగా అతని ముందు పెట్టాను.

అతను కార్డు తిప్పి తిప్పి చూశాడు. "క్లాసు కరెక్టే అక్కా. తేదీ చూసినావా? రెండు నెల్లాయ అయిపోయి."

నాకు యాభై నిండిన రోజది, ఆ లైసెన్సు గడువు అంతవరకే. క్లాసులున్న గడి పొద్దుటి నుంచి పదిసార్లు చదివాను, తేదీ వైపు ఒక్కసారీ చూడలేదు. దాచకుండా అందరికీ చెప్పేశాను.

"నాదింకా ఎనిమిదేండ్లుండాది వదినా!" అన్నాడు సుబ్బారావు. అందరూ నవ్వారు, నాకు నవ్వు రాలేదు. ఘాటులో రాని వణుకు అప్పుడు చేతుల్లోకి వచ్చింది.

మస్తాన్ బండి తీశాడు. వెనక సీట్లో అత్తయ్య నా రెండు చేతులూ తన ఒళ్లోకి లాక్కుంది.

"వణికితే వణికినావులే. మమ్మల్నందర్నీ దింపినాక గదా" అంది.

మార్కాపురం వచ్చేదాకా నా చేతులు వదల్లేదు.