మా ఎనిమిదో తరగతి రాజ్యాంగంలో 'మేము'

మా చిన్నప్పుడు... శామీర్‌పేటలో మా ఎనిమిదో తరగతి గది గోడకి ఒక రాజ్యాంగం ఉండేది. తెల్ల చార్టు మీద స్కెచ్ పెన్నుతో రాసి, నాలుగు మూలలా అన్నం మెతుకులతో అంటించింది. దానికి మొదట బలైంది నేనే కాబట్టి దాని సంగతి నాకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

ఐడియా మా సోషల్ సారుది. ఆయనకి అమెరికా పాఠమంటే పిచ్చి. సముద్రం అవతల కూర్చున్న రాజు, తన సభలో అమెరికా వాళ్లకి ఒక్క కుర్చీ అయినా ఇవ్వకుండా వీళ్లు తాగే టీ మీద పన్ను వేశాడని చెప్పేటప్పుడు ఆయన గొంతు వణికేది... మనుషులు ఎవరి సొత్తుగానూ పుట్టరు, వాళ్లు ఒప్పుకుంటేనే ఎవరైనా ఏలాలి అని ఇంగ్లండులో ఒక పెద్దమనిషి రాశాడట. అధికారం ఒక్క చేతిలో ఉంటే కుళ్లిపోతుంది, మూడు ముక్కలు చేసి పంచండి అని ఫ్రాన్సులో ఇంకొకాయన అన్నాడట. ఆ రెండూ కలిపి అమెరికా వాళ్లు రాజ్యాంగం రాసుకున్నారు.

"మీరు గూడ క్లాసుకు ఒకటి రాస్కోండ్రి. నేను అడ్డం రాను," అని సారు చాక్‌పీసు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

నిజంగానే అడ్డం రాలేదు. మాట మీద నిలబడే మనిషి.

మా నాయిన అప్పట్లో తుర్కపల్లిలో ఒక మందుల ల్యాబులో ఎలుకల బోనులు కడిగేవాడు. ఇంటికి రాగానే నీళ్ల గోలెం దగ్గర ఒళ్లు ఎర్రబడేదాకా రుద్దుకుంటేగానీ నన్ను ముట్టుకునేవాడు కాదు. అయినా ఫినాయిలు వాసన మా బట్టల్లో, నా జడలో ఉండేదేమో... నాకైతే తెలిసేది కాదు. అది మా ఇంటి వాసన. క్లాసులో నా పక్కన కూర్చునేది స్వప్న ఒక్కతే. దాని డబ్బాలో మామిడికాయ తొక్కు నాది, నా డబ్బాలో గుడ్డు దానిది.

పిల్లలు మూడు ముక్కలూ చక్కగా పంచుకున్నారు. రూల్సు రాసేది శ్రీకాంత్, వాడి దోస్తులు. అమలు చేసేది క్లాసు లీడరు. తీర్పు చెప్పే జడ్జి... మా స్వప్న. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

మొదటి రూలు బెంచీల గురించి. "వాసనొచ్చేటోళ్లు తలుపు కాడ కింద గూసోవాలె." పేరు రాయలేదు. పేరుతో పనేముంది, అందరికీ తెలిసిందే. చేతులెత్తించారు, లెక్కపెట్టారు, లీడరు వచ్చి నా బ్యాగు తీసుకెళ్లి తలుపు దగ్గర పడేశాడు. అంతా పద్ధతి ప్రకారమే.

నేను జడ్జి దగ్గరికి వెళ్లాను. తన పక్కనుంచి నన్ను తనే లేపదు కదా అని ధైర్యం.

"స్వప్నా, క్లాసుల అందరు సమానమని చార్టు మీద రాసిండ్రు గదనే. అండ్ల నేను లేనా?"

స్వప్న చార్టు దగ్గరికి వెళ్లి మొదటి లైను వేలు పెట్టి చదివింది. 'ఎనిమిదో తరగతి ప్రజలమైన మేము...' సారు బోర్డు మీద రాసిన అమెరికా వాక్యం చూసి దింపిందే.

"మేము అని ఉన్నది. మనము అని లేదు," అంది. "మేము అంటే, ఎవలతోని మాట్లాడుతమో ఆళ్లను ఇడిసిపెట్టినట్టు. గిప్పుడు నీతోనే మాట్లాడుతున్న గదా. అంటే నువ్వు లేవు."

క్లాసంతా చప్పట్లు. ఈ రోజుకీ ఆ తీర్పులో నాకు ఒక్క తప్పు దొరకలేదు. ఇంగ్లీషువాళ్లకి రెండింటికీ ఒకటే మాట, పాపం... ఎవరు లోపలో ఎవరు బయటో ఏళ్ల తరబడి కొట్టుకుని తేల్చుకోవాల్సి వచ్చింది. మనకి ఆ శ్రమ లేదు.

మర్నాడు సారు చార్టు చదివి మురిసిపోయాడు. తలుపు దగ్గర నేల మీద ఉన్న నన్నూ చూశాడు. "మేము తీసేసి మనము అని రాయమనుండ్రి సార్," అని అడిగాను.

"పుస్తకాలల్ల గూడ మేము అనే ఉంటది బిడ్డా," అన్నాడు ప్రేమగా. "నచ్చకపోతే సవరణ పెట్టు. ఓట్లు తెచ్చుకో. ప్రజాస్వామ్యమంటే గదే."

అంతటితో ఊరుకున్నా బాగుండేది. పాఠంలో మిగిలింది కూడా చెప్పాడు. సమానత్వం గురించి అన్ని మాటలు చెప్పిన ఆ దేశం, బానిసల్ని జనాభాలో ఎలా కలపాలో తేలక ఐదుగురిని ముగ్గురి కింద కట్టిందట... అదీ యజమానుల రాష్ట్రాలకి సీట్లు పెరగడానికి. బానిసకి మాత్రం ఓటు లేదు. ఇది సిగ్గుపడాల్సిన సంగతని సారు చెప్పాడు. పిల్లలు లెక్క ఒక్కటే పట్టుకున్నారు.

సాయంత్రానికి నా పేరు 'త్రీ బై ఫైవ్'. సవరణకి నేను చెయ్యెత్తితే, "దీనిది పూర తీస్కోవద్దు, ఐదిట్ల మూడే," అన్నాడు శ్రీకాంత్. ఇంకెవరూ ఎత్తలేదు. స్వప్న చేతులు ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బస్సులు చూస్తూ కూర్చుంది.

ఇంట్లో నేను చెప్పలేదు. యూనిఫాం వెనక దుమ్ము చూసి నాయినే కూపీ లాగాడు. మర్నాడు డ్యూటీ మానేసి, తలకి నూనె రాసుకుని, పెళ్లిళ్లకి వేసుకునే తెల్ల చొక్కా వేసుకుని బడికి వచ్చాడు.

"మా పిల్ల ఏం తప్పు జేసింది సార్?"

సారు నవ్వాడు. "తప్పేం లేదయ్యా... ఆట గది. పిల్లలు రాజ్యాంగం నేర్సుకుంటున్నరు."

ఆయన మాట పూర్తయ్యేలోగా ముందు బెంచీలో ఒకడు ముక్కు మూసుకున్నాడు. తర్వాత పక్కవాడు... అలా వరసగా క్లాసంతా. స్వప్న కూడా. నాయిన వాళ్లని చూశాడు, నన్ను చూశాడు. మెల్లగా చెయ్యెత్తి, తన చొక్కా వాసన తనే చూసుకున్నాడు.

అందుకు ఆ గదిలో ఒక్కరినీ నేను క్షమించలేదు. సారుని అసలే లేదు.

ఆ తర్వాత నాయిన గేటు దాటి లోపలికి రాలేదు. పదో తరగతిలో నాకు ప్రైజు ఇచ్చిన రోజు కూడా రోడ్డు అవతల, బడి వైపు గాలి కొట్టని చోటు చూసుకుని నిలబడ్డాడు. చార్టు ఎండాకాలం సున్నాలు వేసినప్పుడే పోయింది. నాకు బెంచీ మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు మా శామీర్‌పేటలో ఏసీ బడులొచ్చాయి... పిల్లకో కుర్చీ, పిల్లకో బల్ల. పక్కనుంచి ఎవరినీ లేపాల్సిన పని లేదు. రోజులు చాలా మారాయి...

మీ క్లాసులో తలుపు దగ్గర కింద కూర్చున్నది ఎవరు? కామెంట్లలో రాయండి. పేరు గుర్తు రాకపోయినా ఫర్వాలేదు... మీ పేర్లు వాళ్లకి గుర్తుంటాయి.