మస్తానన్న, మా హాల్లో ఆ లైటు

నిన్న పొద్దున క్లినిక్ హాల్లో లైటు స్విచ్ వేస్తుంటే ఫోన్ మోగింది.

ఆళ్లగడ్డ నుంచి షమీమ్ వదిన. "పద్మా, మీ అన్న ల్యాడమ్మా" అంది.

ఏ అన్న అని అడిగాను. నాకున్నది ఒక్క అన్నే అయినా అడిగాను.

మస్తానన్న. పొద్దున్నే టీ తాగి షాపుకి బయల్దేరుతూ గుమ్మంలోనే కూలబడ్డాడట. హార్ట్ ఎటాక్.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. మస్తానన్నది ఆళ్లగడ్డలో మోటార్ వైండింగ్ షాపు. రైతుల బోరు మోటార్లు కాలిపోతే బాగుచేసి ఇచ్చేవాడు. నంద్యాలలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసే ఊపిరితిత్తుల క్లినిక్‌లో వైరింగ్ అంతా ఆయన చేసిందే. నాకు తోడబుట్టినవాళ్లు లేరు. ఆయన "చెల్లెమ్మా" అంటే ఆ లోటు తెలిసేది కాదు.

కరోనా తర్వాత మా డాక్టర్ గారు హాలుకి ఫార్ యూవీ లైటు తెప్పించారు. కింద జనం కూర్చుని ఉండగానే గాలిలోని బ్యాక్టీరియాని, వైరస్‌ని చంపుతుంది. మామూలు యూవీ అయితే కళ్లనీ చర్మాన్నీ కాలుస్తుంది. ఇది చర్మం పైపొర దాటి లోపలికి పోలేదట.

మస్తానన్న ఈ సంగతి డాక్టర్ గారితో మూడుసార్లు చెప్పించుకున్నాడు. "నేను మోటార్లు చుట్టేటోణ్ణి సార్. నాకెక్కేట్టు చెప్పండి. రేపు జనం అడిగితే నేనే గదా చెప్పాల" అన్నాడు.

జనం అడిగారు కూడా. ఆ లైటు వెలుగుతున్నట్టే కనిపించదు మరి. "ఏందమ్మా, పన్జేస్తాండాదా ఇది? జీరో బల్బే నయం" అని రోజూ ఎగతాళి.

ఇక రెండేళ్లుగా దాచిన మాట చెబుతాను.

ఒకరోజు ఆ లైటు ఆగిపోయింది. డాక్టర్ గారు ఊళ్లో లేరు. హాలు నిండా దగ్గేవాళ్లు, చంటిపిల్లలు. మస్తానన్న వచ్చి చూసి, కంపెనీకి పంపాల్సిందే అన్నాడు.

మా స్టోర్‌రూమ్‌లో పాత యూవీ ట్యూబ్ ఒకటి ఉంది. ఖాళీ గదుల్లో తలుపులు మూసి వాడేది. అది నాకు తెలుసు. అంత ఎత్తులో ఉంటే ఏమవుతుందిలే అనుకున్నాను. లైటు లేకుండా అంతమందిని కూర్చోబెట్టడానికి భయమేసింది.

"అది పెట్టన్నా" అన్నాను.

"సార్‌ని అడిగినావా?" అన్నాడు.

"అడిగాను" అన్నాను.

అడగలేదు.

మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. నా మాట నమ్మి నిచ్చెన ఎక్కాడు.

హాలంతా నీలం వెలుగు. జనం సంబరపడ్డారు. "ఆ, ఇప్పుడు పన్జేస్తాండాది!" ఆ పూటంతా మస్తానన్న కూడా అక్కడే ఫ్యాన్లు బాగుచేస్తూ ఉండిపోయాడు. నేనేమో లోపల ల్యాబ్‌లో ఉన్నాను.

మర్నాడు పొద్దున ఒక్కొక్కరే తిరిగొచ్చారు. కళ్లు ఎర్రగా వాచి, ఇసుక పోసినట్టు మంట. బండి ఆత్మకూరు ఊరి నుంచి వచ్చిన ఒకామె కళ్లు తెరవలేక పిల్లాడి చెయ్యి పట్టుకుని నడిచింది. డాక్టర్ గారు అప్పుడే ఊరి నుంచి దిగారు. ఆ ట్యూబ్ చూసి ఆయన అరిచిన అరుపు నాకింకా వినబడుతుంది.

"ఎవరు పెట్టారిది?"

నేను నోరు తెరిచేలోపే మస్తానన్న ముందుకొచ్చాడు. ఆయన కళ్లూ సరిగా తెరుచుకోవడం లేదు.

"నేనే సార్. అడక్కుండా పెట్టినా."

నేను నోరు మూసుకున్నాను.

దేవుడి దయవల్ల రెండు మూడు రోజుల్లో అందరికీ తగ్గింది. డాక్టర్ గారు మాత్రం మస్తానన్నకి మళ్లీ పని చెప్పలేదు.

అసలు లైటు బాగై వచ్చింది. వేరే ఎలక్ట్రీషియన్ బిగించాడు. కానీ దాని కింద ఎవరూ కూర్చోలేదు. ఎండలో వరండాలో నిలబడి దగ్గారు గానీ లోపలికి రాలేదు.

అది విని మస్తానన్న బస్సెక్కి వచ్చాడు. సరిగ్గా లైటు కింద ఉన్న బెంచీ మీద కూర్చున్నాడు. వారం రోజులు, రోజూ ఆళ్లగడ్డ నుంచి వచ్చి, పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా. ఎవరొచ్చినా కళ్లు పెద్దవి చేసి చూపించేవాడు. "ఆ పొద్దు కాలినోణ్ణి నేనే గదప్పా. ఈ లైటుకు ఏమన్నా అయితే ముందు నాకే గదా అయ్యేది! రాండి, కూసోండి."

మూడో రోజుకి ఒకరిద్దరు వచ్చారు. వారం తిరిగేసరికి బెంచీలు నిండాయి.

అన్నా, నా తప్పు నీ మీద ఎందుకేసుకున్నావని ఏడ్చాను. "నువ్వు రోజూ ఈళ్ల మధ్య ఉండేదానివి చెల్లెమ్మా. రిపోర్టు ఇచ్చేదానివి. నీ మాట నమ్మకపోతే ఎట్లా? నేను వైర్లోణ్ణి, నాదేముంది" అన్నాడు.

సార్‌కి నేనే చెబుతానన్నాను. "నీకు ఎప్పుడు చేతనైతే అప్పుడు చెప్పు" అన్నాడు. అంతే, మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

నాకు చేతకాలేదు. రంజాన్‌కి వాళ్లింట్లో సేమ్యా తిన్న ప్రతిసారీ, ఈ వారం చెప్పేస్తాను అనుకున్నాను.

నిన్న డాక్టర్ గారూ నేనూ కలిసే ఆళ్లగడ్డ వెళ్లాం. ఆయన మగవాళ్లతో ఖబరస్తాన్ దాకా వెళ్లొచ్చారు. తిరిగొచ్చేటప్పుడు కారులో చెప్పేశాను.

ఆయన కారు పక్కకి ఆపారు.

"రెండేళ్లు ఆ మనిషి ఎదురుపడితే మొహం తిప్పుకున్నానమ్మా" అన్నారు.

నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ రోజు కళ్లు మండినవాళ్లు ఇది చదువుతుంటే, ట్యూబ్ పెట్టించింది నేను. అబద్ధం చెప్పింది నేను. క్షమించమని అడుగుతున్నాను.

ఇవాళ పొద్దున డోన్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన తల పైకెత్తి, "ఇది పన్జేస్తాండాదా తల్లీ?" అన్నాడు. వెళ్లి, అన్నా, నువ్వు కూర్చున్న ఆ బెంచీ మీదే ఆయన పక్కన కూర్చున్నాను. "చేస్తుంది నాయనా" అన్నాను.

మస్తానన్నా, రెండేళ్లు నువ్వు మోసిన నింద నాది. ఇవాళ అందరి ముందూ తీసుకుంటున్నాను.

నువ్వు ప్రశాంతంగా పడుకో అన్నా.