కుల్పాష్ మింగని మాత్రలు

ఆల్టాయ్ కొండల్లోని ఆక్సు ఊరికి కుల్పాష్ ముప్పై ఒక్క ఏళ్లుగా టపా మోస్తోంది. ఉత్తరాలు ఇప్పుడెవరు రాస్తున్నారు గనక. పింఛన్లు, కరెంటు బిల్లులు, పట్నం నుంచి వచ్చే మందులు. వేసవిలో గుర్రం మీద, మంచు దిగబడేటప్పుడు కాలినడకన, వాలు మీద చెదురుగా ఉన్న గొర్రెల మకాంలన్నీ తిరుగుతుంది. యాభై తొమ్మిదో ఏట కూడా ఆమె వెంట నడవాలంటే పాతికేళ్ల కాపరులకు రొప్పు వచ్చేది. నోరు కాళ్లకంటే చురుకు.

అటువంటి మనిషిని ఆపి, అల్మాటీ పట్నం నుంచి వచ్చిన సాన్‌జార్ అనేవాడు అడిగాడు: "పెద్దమ్మా, మీకు ఒంట్లో సత్తువ కావాలనిపించదా?"

"నాకెందుకు నాయనా! నీకు కావాలంటే ఈ సంచీ ఆ గుట్టదాకా మోసిపెట్టు."

వాడి కంపెనీ బంగారు వేరు అనే మూలిక పొడిని మాత్రల్లో నింపి అమ్ముతుంది. ఆ వేరు ఆక్సు వాళ్లకు కొత్తేమీ కాదు. పైన రాళ్ల సందుల్లో మొలుస్తుంది, విరిస్తే గులాబీ వాసన. గడ్డికోతల్లో నడుం పడిపోయినవాళ్లకు కుల్పాష్ అత్తగారు దాన్ని చిటికెడు, ఊరంతా తాగే ఉప్పు టీలో మరిగించి మూడు రోజులు ఇచ్చేది. నాలుగో రోజు అడిగితే గరిటె చూపించేది.

సాన్‌జార్ ఇరవై నాలుగు మందిని పోగేశాడు. రోజూ పొద్దున రెండు మాత్రలు, ఎనిమిది వారాలు. మొదట ఒకసారి, చివర ఒకసారి బడి వ్యాయామశాలలో ఆరు నిమిషాలు నడవాలి, ఎంత దూరం నడిచారో కొలుస్తారు. నిద్ర, హుషారు ఎలా ఉన్నాయో వారం వారం కాగితం మీద పదికి ఎన్నో వేయాలి.

"ఫిబ్రవరిలో కొలిచి మళ్లీ ఏప్రిల్లో కొలుస్తావా?" అంది కుల్పాష్. "ఏప్రిల్లో ఇక్కడ కుంటి గొర్రె కూడా గంతులేస్తుందయ్యా. దానికి ఏ మాత్రలిస్తున్నావు?"

అందరూ నవ్వారు. సాన్‌జార్ కూడా నవ్వి, చేరినవాళ్లకు ఒక్కో ఫ్లాస్కు ఇస్తామన్నాడు. ఫ్లాస్కు మంచిది. కుల్పాష్ చేరింది. మాత్రలు మాత్రం పాత టీడబ్బాలో పోసి మూతపెట్టింది.

ఆమె మరిది తోక్తార్‌బెక్ అలా కాదు. ఒకప్పుడు జిల్లా మొత్తం మీద పేరున్న కుస్తీవీరుడు. ఇప్పుడు అరవై మూడేళ్లు, భార్య పోయింది, రక్తపోటు ఉంది. రెండు మింగమంటే నాలుగు మింగాడు. వారం తిరక్కుండా పదికి పది వేశాడు.

ఏప్రిల్ మొదట్లో అతని రక్తపోటు మందుల పొట్లం ఇవ్వడానికి వెళ్లిన కుల్పాష్, ముందు రెండు నెలల పొట్లాలు విప్పకుండానే కిటికీ గట్టున ఉండటం చూసింది.

"ఇవేంటి?"

"ఇంకెందుకొదినా అవి? వేరు ఉండగా! పులిలా ఉన్నాను."

మొహం జేవురించింది.

"పులివా? పొయ్యి మీద కెటిల్లా ఉన్నావు. మూత ఎగరడమే తరువాయి. నిద్ర పడుతోందా?"

"పులికి నిద్రెందుకు?"

"ముసలి ఎద్దుకి కావాలి. లే."

రెక్క పట్టుకుని నర్సు రౌజా ఇంటికి ఈడ్చుకెళ్లింది. రౌజా పట్టీ కట్టి ఒకసారి చూసింది, నమ్మక మళ్లీ కట్టింది. రెండు వందల పది. ఆ సాయంత్రమే జీపులో జిల్లా ఆసుపత్రికి పంపారు. తొమ్మిది రోజులకు తిరిగొచ్చాడు. ఎడమ చేతి వేళ్లు సరిగా ముడుచుకోవడం లేదు.

నెలాఖరున రెండోసారి నడిపించాక, సాన్‌జార్ బడిలో ఫలితాలు చదివాడు. అందరికంటే ఎక్కువ మెరుగుపడింది కుల్పాష్ పెద్దమ్మేనట, ముందుకంటే తొంభై నాలుగు మీటర్లు ఎక్కువ! చప్పట్లు మోగాయి. కుల్పాష్ లేచివెళ్లి టీడబ్బా మూత తీసి బల్ల మీద గుమ్మరించింది. మాత్రలు దొర్లి కింద పడ్డాయి.

"లెక్కపెట్టుకో. ఒక్కటి మింగితే ఒట్టు."

"మరి తొంభై నాలుగు మీటర్లు..."

"అప్పుడు మంచు బూట్లతో నడిచాను. ఇప్పుడు చెప్పులతో. ఈపాటి చూసుకోని నువ్వు మనుషుల్ని కొలవడానికొచ్చావా? సరే, నా మరిదిని ఎక్కడ రాశావు?"

సాన్‌జార్ కాగితాలు తిరగేశాడు. "ఆయన మధ్యలో మానేసినవారి కింద..."

"మానేశాడా? మంచాన పడ్డాడు. పడ్డవాణ్ణి తీసేసి నడిచినవాళ్లనే కొలిస్తే నీ వేరు గెలవక ఏం చేస్తుంది?"

సాన్‌జార్ కాగితాలు మడిచి, సంచీలోంచి మాత్రల సీసాలు బయటికి తీశాడు. కుల్పాష్‌ని మరీ మండించింది వాడు కాదు. ఆ పూటే సగం ధరకిస్తానని వాడంటే ఊరివాళ్లు పదకొండు మంది వరసకట్టారు. "ఏమోనమ్మా, నాకైతే పనిచేసింది," అంది పక్కింటి జామిలా, సీసా శాలువాలో దాచుకుంటూ.

"చేస్తుందిలే. ఎండ కాసినన్నాళ్లూ చేస్తుంది."

అప్పటినుంచి కుల్పాష్ టపా మొదటి మజిలీ మరిది ఇల్లే. రక్తపోటు మాత్ర చేతిలో పెట్టి, మింగి నోరు తెరిచి చూపిస్తేగాని కదలదు.

"వదినా, నిజం చెప్పు. ఆ వేరులో అసలేమీ లేదంటావా?" అని ఒక పొద్దున అడిగాడు తోక్తార్‌బెక్.

ఆమె సంచీ కింద పెట్టింది. "ఉందేమో. మీ అమ్మ ఊరికే ఇవ్వదుగా. కానీ తెలుసుకోవడానికొచ్చినవాడు అమ్ముకునే సంచీ వెంట తెచ్చుకోడు."

అతను టీ మరో కప్పు పొయ్యమన్నాడు. ఆమె పోసింది. ఉప్పు మాత్రం వెయ్యలేదు.