కిస్తీల మనిషి ముఖం

ప్రతి జేబులోకీ కెమెరా వచ్చి చేరుతున్న కాలంలో, అప్పు చేసి మరీ పెద్ద కెమెరా కొన్న తెలివైనవాణ్ణి నేను. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే తర్వాతి సంగతంతా చదివి, పాపం అమాయకుడు, ఎవరో మోసం చేశారని మీరు జాలిపడతారు. ఎవరూ మోసం చేయలేదు. ఆ పని నేనే స్వయంగా, శ్రద్ధగా చేసుకున్నాను.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న పొద్దున ఉప్మా తింటుండగా ఫోను మోగింది. ఎవరో కిస్తీ కట్టలేదని ఒక ఆడగొంతు తియ్యగా గుర్తు చేస్తోంది. పొరపాటు నంబరమ్మా అన్నాను, ఆమె ఆగలేదు. ఏ ఊరమ్మా మీది, తిన్నావా అని అడిగాను, అప్పుడూ ఆగలేదు. అది మనిషి కాదు, ముందే నింపిపెట్టిన గొంతు అని మా కోడలు నవ్వుతూ చెప్పాక నేను ఉప్మా ముందు కూర్చుని కాసేపు ఆలోచనలో పడ్డాను. అప్పు అడిగే గొంతుకు ఒక ముఖం అతికించి చూసుకోవడం నాకు ఒకప్పటి అలవాటు. ఈ గొంతుకు ఎంత ప్రయత్నించినా ముక్కూ చెవులూ మొలవలేదు.

భద్రాచలం దగ్గర పర్ణశాలలో బస్సులు ఆగేచోట నాకొక చిన్న ఫోటో స్టూడియో ఉండేది. గోదావరిలో మునిగి, సీతమ్మ చీర ఆరేసుకుందని చెప్పే రాళ్లను చూసుకుని, తడి తలలతో వచ్చే యాత్రికులే నాకు అన్నదాతలు. మేము క్రైస్తవులం. వారమంతా రాముడి దయతో అన్నం తిని, ఆదివారం యేసు ప్రభువుకు స్తోత్రం చెప్పుకునేవాళ్లం. వాళ్లిద్దరిలో ఎవరూ దీనికి ఎన్నడూ అభ్యంతరం చెప్పలేదు. చిక్కల్లా, యాత్రికులు ఎక్కువగా వచ్చేది కూడా ఆదివారమే గనుక మా పాస్టరు గారి ప్రసంగం పొడుగైన కొద్దీ నా రాబడి పొట్టిదయ్యేది.

ఫిల్ము రోజుల్లో ఫోటోలు కడిగించి పోస్టులో పంపేవాణ్ణని మన వయసు వాళ్లకు చెప్పక్కర్లేదు. అప్పటికప్పుడు చేతిలో ఫోటో పెడితే జనం ఎగబడతారని లెక్కేసి, ఖమ్మంలో ఒక ఫైనాన్సు ఆఫీసులో అప్పు తీసుకుని, డిజిటల్ కెమెరా, ప్రింటరు కొన్నాను. మొదటి ఏడాది ఎగబడ్డారు కూడా. మరుసటి ఏడాదికి వాళ్లే తమ ఫోన్లు నా చేతిలో పెట్టి, "అన్నా, జర మా అందరిదీ ఒకటి తియ్యవా" అనడం మొదలుపెట్టారు. తీసేవాణ్ణి. అలవాటు కొద్దీ, పెద్దాయన కాస్త ఎడమకు జరగాలి అని కూడా చెప్పేవాణ్ణి. నెగెటివ్‌ల కాలం పోయిందని సంబరపడ్డవాడి లెక్కలన్నీ నెగెటివ్‌లోకి దిగాయి. షరతు ఏమంటే, అప్పు తీరేదాకా కెమెరా వాళ్లది, మోత నాది. వరసగా మూడు కిస్తీలు తప్పితే వచ్చి పట్టుకుపోతారు. ఆ కెమెరా పోతే నాకు చేతనైన పని ఇంకొకటి లేదు. మా ఆవిడ మిషను కుట్టి తెచ్చే డబ్బు పిల్లల ఫీజులకే చాలేది కాదు.

అలా నా బతుకులోకి కిస్తీల మనిషి గొంతు వచ్చింది. ఎర్రుపాలెం వైపువాడని యాసను బట్టి పోల్చుకున్నాను. నెల మొదట్లో "సార్, నమస్తే సార్" అనేవాడు. కట్టాల్సిన రోజు దాటగానే "అన్నా" అయ్యేవాణ్ణి. నెలాఖరుకు, "ఏమయ్యా, ఉన్నావా, ఊరొదిలిపెట్టి పోయావా?" క్యాలెండరు చూడకుండానే ఆ పిలుపును బట్టి తేదీ ఉజ్జాయింపుగా చెప్పగలిగేవాణ్ణి.

బొంగురు గొంతు. దాన్ని బట్టి ఆరడుగుల మనిషిని, మెలితిప్పిన మీసాన్ని, వేళ్లకు ఉంగరాలను ఊహించుకున్నాను. ఫోటోలు తీసేవాళ్లకు ఇదొక జబ్బు. అతను అటునుంచి కేకలేస్తుంటే, ఇతన్ని ఏ పక్కనుంచి తీస్తే బాగుంటాడా అని నేను ఇటునుంచి ఆలోచిస్తుండేవాణ్ణి. గొంతు వెనకాల చప్పుళ్లు కూడా ఏరుకునేవాణ్ణి. ఒకనాడు కుక్కరు కూత, ఒకనాడు ఎవరో గిన్నెలు తోముతున్న శబ్దం, ఒకనాడు పసిపిల్ల ఆగని ఏడుపు.

"పాపకు జొరమా?" అని అడిగేశాను.

"నీకెందుకయ్యా? కిస్తీ సంగతి చెప్పు" అన్నాడు. మర్నాడు మళ్లీ అన్ని కేకలూ వేసి, ఫోను పెట్టేసే ముందు మాత్రం, "తగ్గిందిలే" అన్నాడు.

దరఖాస్తులో తెలిసినవాళ్ల నంబర్లు రాయమన్నప్పుడు, నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పించుకుంటారు కాబోలనుకుని మా వదినదీ పాస్టరు గారిదీ రాశాను. నేను ఫోనెత్తని రోజున వాళ్లకు మోగుతుందని నాకేం తెలుసు? మా వదిన, అతను నా మీద చెప్పినదానికంటే ఎక్కువ ఫిర్యాదులు తనే అతనికి చెప్పిందట. పాస్టరు గారు శాంతంగా అంతా విని, ఈ సహోదరుని ప్రయాసను ప్రభువు చూచుచున్నాడు అంటూ అతని కోసం ప్రార్థన ఎత్తుకున్నారట. ఎంత కిస్తీల మనిషయినా ప్రార్థన మధ్యలో ఫోను పెట్టేయడానికి చెయ్యి రాదు కదా. తర్వాత నాకు చేశాడు. "మీ అయ్యగారు నాకు ప్రమోషన్ రావాలని కూడా ప్రార్థన చేశాడయ్యా. నువ్వు కట్టకపోతే నాకు ప్రమోషన్ ఎట్టా వస్తది?" ఆ ప్రశ్నకు వాక్యానుసారమైన జవాబు కోసం ఆ రాత్రి బైబిలు తిరగేశాను.

వదిన ద్వారా సంగతంతా, పాప జొరంతో సహా, మా ఆవిడకు చేరింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత చారు వడ్డిస్తూ అడిగిన మొదటి మాట, "ఆ పిల్లకు నిజంగ తగ్గిందట్నా?" మా ఇంట్లో ఆరా తీసే జబ్బు నా ఒక్కడిదే కాదని అప్పుడు తెలిసింది.

రెండు కిస్తీలు తప్పాయి. మూడోది కూడా తప్పేలా ఉందని ఇద్దరికీ తెలుసు. "ఈసారి ఫోన్లు లేవయ్యా. నేనే వస్తా. కెమెరా సర్ది పెట్టు" అన్నాడు. చెప్పినట్టే సర్దాను. సర్ది, భుజాన వేసుకుని, చర్ల వైపు బస్సెక్కాను. పని కోసం కాదు, దాక్కోవడానికి. అడవి దగ్గరపడుతుంటే ఫోనులో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పోయాయి, అవి పోతున్న కొద్దీ నా గుండెల మీది బరువు కూడా దిగుతున్నట్టనిపించింది. పర్ణశాలలో మా కొట్టు పక్కన కూర్చుని తేనె అమ్ముకునే కోయ పెద్దాయన ఒకరుండేవారు. వాగు దాటి ఆయన గూడెం చేరాను.

"ఎవలన్న తరుముతుండ్రా?" అన్నాడు నన్ను చూడగానే.

"అప్పులోళ్లు."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "మమ్ములను ఫారెస్టోళ్లు, నిన్ను అప్పులోళ్లు. కూసో. సోపతి కుదిరింది."

తరవాత నా సంచి వైపు చూసి, అందులో ఏముందని అడిగాడు. చూపించాను. ఆయన ఇంట్లోకి కేకేస్తే ఇంటామె వచ్చింది, ఆమె పక్కింటికి కేకేసింది, చీకటిపడే లోపల గూడెమంతా నా చుట్టూ చేరింది. పోడు భూముల పట్టాలకు దరఖాస్తు పెట్టాలట. దానికి ఫోటో కావాలట. ఫోటోకు భద్రాచలం పోతే ఒకనాటి కూలి పోతుంది, బస్సు కిరాయి పోతుంది, ముసలివాళ్లయితే అసలు పోనేలేరు. నేనేమో ఫోటో దిగే మనిషి కరువై పారిపోయి వచ్చాను. తప్పించుకోవడానికి ఎక్కిన బస్సు నన్ను సరాసరి పనిలోకి దింపింది.

పెద్దాయన తెల్ల పంచెను రెండు వెదురు గడలకు కట్టి, ముందొక పీట వేశాం. పగలంతా తీసి, ఆఖరి బస్సుకు పర్ణశాల వచ్చి, ప్రింట్లు వేసుకుని పొద్దున్నే తిరిగి వెళ్లేవాణ్ణి. ఫోటో చేతికి రాకముందే డబ్బులిచ్చేవాళ్లు. ఫైనాన్సు ఆఫీసులో నా ఇంటి పన్ను రసీదు నుంచి మా తాత పేరు దాకా అడిగి కూడా నన్ను నమ్మలేదు, వీళ్లు నా ఇంటిపేరైనా అడగలేదు. పుట్టిన తర్వాత ఒక్క ఫోటో కూడా దిగని ముసలమ్మలు పీట మీద కూర్చుని ఊపిరి బిగబట్టేవారు, వదలొచ్చని చెప్పేదాకా వదిలేవారు కాదు. నాకూ ఊపిరి వచ్చింది.

పర్ణశాలలో నా కొట్టు మూసి ఉంటే పక్క కొట్లవాళ్లను ఆరా తీసి, అక్కడికే వచ్చాడు కిస్తీల మనిషి. రాత్రి వాన పడి వాగు పొంగింది. బండి తోసుకుంటూ దాటబోయి మధ్యలో జారి, మెడ దాకా మునిగి, బండిని ఇవతలి ఒడ్డున వదిలేసి, నీళ్లోడుతూ నడిచి వచ్చాడు. గొంతెత్తేదాకా నేను గుర్తుపట్టలేదు. ఆరడుగులు లేవు, మీసం లేదు, ఉంగరాలు లేవు. సన్నటి మెడ, పెద్ద చెవులు, మా చిన్న మేనల్లుడి ఈడు కుర్రాడు. ఇన్నాళ్లూ నేను భయపడింది ఈ చెవులకా అని ఆశ్చర్యపోయాను.

పెద్దాయన ఇంటామె అతన్ని కూడా ఫోటోకు వచ్చినవాడే అనుకుంది. "గిట్ల తడిసి ఫోటో దిగుతవా బిడ్డా? జర నెత్తి తుడుచుకో" అని తువ్వాలు ఇచ్చింది.

"నేను ఫోటో కోసం రాలేదమ్మా. ఈయన కోసం వచ్చాను."

"ఈన కోసమే గద మేమందరం నిలబడ్డది. నువ్వు గూడ వరుసల నిలబడు."

అతను వరుసలో నిలబడలేదు. నేరుగా వచ్చి కెమెరా స్టాండు మీద చెయ్యి వేశాడు. "తీసేయన్నా. నాకు ఆర్డరుంది. తీసుకుపోకపోతే నా ఉద్యోగం పోద్ది" అన్నాడు, నన్ను చూడకుండా. నేను పట్టీ విప్పబోయాను. ఏం చేయను? అతను చెప్పింది నిజమే.

పెద్దాయన లేచి వచ్చాడు. కోప్పడలేదు. "తీస్కపో బిడ్డా. కాకపోతే ఇంకా ఇంతమంది ఉన్నరు. అందరియి నువ్వే తియ్యి, అయినంక తీస్కపో. వీళ్లు దినం పని ఇడిసి అచ్చిండ్రు."

అతను ఆ వరుసను చూశాడు. కర్ర పట్టుకుని నిలబడ్డ ముసలివాళ్లను, బిడ్డను చంకనేసుకున్న తల్లిని చూశాడు. చెయ్యి తీశాడు. "సాయంత్రం దాకా ఆగుతా" అన్నాడు. ఈలోగా పెద్దాయన ఇంటామె వెనకనుంచి వచ్చి అతన్ని భుజాలు పట్టి పీట మీద కూర్చోబెట్టి, తన దువ్వెనతో పాపిడి తీసేసింది. నా చేతులు అలవాటు కొద్దీ పనిచేశాయి. తడి చొక్కా, నున్నగా దువ్విన జుట్టు, ఏడవాలో నవ్వాలో తెలియని కళ్లు. నా జీవితంలో అంత బాగా కుదిరిన ముఖం ఇంకొకటి లేదు.

సాయంత్రం దాకా కూర్చున్నాడు. వాళ్లు పెట్టిన అన్నం, చింతపండు చారు తిన్నాడు. అక్కడి రాబడినంతా అతని ముందు పోశాను. ఒక కిస్తీకి సరిపోగా కాస్త మిగిలింది. "బండి తడిసిందని, రోజంతా వెతికినా మనిషి దొరకలేదని చెప్తాలే ఆఫీసులో. కిస్తీ మాత్రం నువ్వే వచ్చి కట్టినట్టు రాయిస్తా" అన్నాడు. మళ్లీ వాగు దాటించడానికి బండిని ఇద్దరం మోశాం. ఆ తర్వాత గూడేల వెంట తిరుగుతూ కిస్తీలు తప్పకుండా కట్టాను. రెండు వేసవులు గడిచాక బాకీ లేదన్న కాగితం చేతికొచ్చింది. మా ఆవిడ పాస్టరు గారిని పిలిచి స్తోత్ర ప్రార్థన చేయించింది.

అయినా మనిషిని కదా. "ఉన్నావా, ఊరొదిలిపెట్టి పోయావా" అన్న మాటలు కాగితంతో పోలేదు. మన రోజుల్లో ప్రతి స్టూడియో ముందూ ఒక అద్దాల పెట్టె, అందులో బాగా వచ్చిన ముఖాలు పెద్దవి చేసి పెట్టడం ఆనవాయితీ. పెళ్లికూతుళ్లను, బోసినవ్వుల పసిపిల్లలను పక్కకు జరిపి, నడిమధ్యన కిస్తీల మనిషిని నిలువెత్తున కాకపోయినా గజమెత్తున పెట్టాను. మా కొట్టు ముందే ఆటోల అడ్డా. ఆ ఆటోల్లో చాలావాటి మీద అదే ఆఫీసు అప్పు. యాత్రికుల కోసం ఎదురుచూస్తూ ఆ కుర్రాళ్లకు రోజంతా ఆ అద్దాలే కాలక్షేపం. అతనెవరని అడిగినవాళ్లందరికీ విపులంగా చెప్పాను.

దాంతో అతని బండి మలుపు తిరగడమే ఆలస్యం, అడ్డా ఖాళీ అయిపోయేది. ఇప్పుడయితే ఈ ఎత్తు పారదు. ఎవరి ముఖాలు వాళ్ల జేబుల్లోనే ఉంటున్నాయి, కొట్టు ముందు ఆగి పరాయి ముఖాన్ని తీరుబడిగా చూసే మనిషి లేడు. నా అద్దాల పెట్టె ఇప్పుడు మా ఇంట్లో కోడిపిల్లల కింద ఉంది. అప్పట్లో మాత్రం, దారిన పోయే ప్రతివాడూ ఒక క్షణం ఆగి, ఎవరీ మనిషి అనుకునేవాడు. అలా అనుకోవడం ఎంత పెద్ద సంగతో పోయాకే తెలిసింది.

కొన్నాళ్లకు కిస్తీల మనిషి, ఖాళీ అడ్డాలో విసిగిపోయి, మంచినీళ్లకని మా కొట్టు వైపు వచ్చాడు. అద్దాల ముందు ఆగాడు. చాలాసేపు ఆగాడు. నేను లోపల బల్ల తుడిచిందే తుడుస్తూ కూర్చున్నాను.

"అన్నా" అన్నాడు చివరికి. "ఇట్టాంటిది ఇంకోటి ఇస్తావా? మా ఇంటికాడ పెట్టుకుంటా. నన్నింత బాగా ఎవరూ తీయలేదు."

ఇచ్చాను. ఊరికే ఇవ్వలేదు. అతని చేతినుంచి నా చేతికి డబ్బు రావడం అదే మొదటిసారి. నోట్లు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. అద్దాల్లోది మాత్రం తీయలేదు.