వదినగారి తోడు

"పేషెంటు తాలూకు మీరేనా అండి?" అని రాజమండ్రి ఆసుపత్రి నుంచి ఫోనులో ఒక ఆడపిల్ల అడిగింది. నేనేనని చెప్పాను. ఆ పిల్ల చెప్పిన మాటను మళ్ళీ చెప్పించుకున్నాను. మొదటిసారి వినబడక కాదు.

మా వదినగారు పోయారు. నా భర్తకు అక్కగారు. ఆయన పోయాక నిడదవోలులో ఈ ఇంట్లో నాతో మిగిలిన మనిషి ఆవిడ ఒక్కరే. ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి మీద నుంచి దించిన పాలు గోరువెచ్చగా ఉన్నాయి. తోడు వేసే వేళ. వేశాను. ఆసుపత్రికి వెళుతూ ఆవిడ నాకు అప్పజెప్పిన పని అదొక్కటే.

ఆ తోడు సంగతి చెప్పకుండా వదినగారి సంగతి చెప్పలేను.

ఆవిడ రసాయనశాస్త్రం చదువుకున్నారు. ఇంటికి చాలా దూరంలో ఒక మందుల కర్మాగారంలో ఉద్యోగం చేశారు. జ్వరాలకూ పుండ్లకూ వాడే మందులు కొన్నిటిని అక్కడ మేడంత ఎత్తు ట్యాంకుల్లో పులియబెట్టి తీసేవారట. అందులో వేసే బూజును చావకుండా కాపాడి పెంచే విభాగం ఆవిడది. "పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు అమ్మాయి ఏం చేస్తుందండీ అని అడిగితే, బూజు పెంచుతుందండీ అని చెప్పలేక మా నాన్న నీళ్ళు నమిలేవాడు" అని నవ్వేవారు. పెళ్ళి జరగలేదు. దానికి బూజు కారణం కాదు. కారణం ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

తరువాత బయటి దేశం నుంచి అదే సరుకు చౌకగా రావడం మొదలైంది. మన ట్యాంకులు ఒక్కొక్కటే ఆగాయి. కర్మాగారానికి తాళం పడింది. ఆవిడ రైలు దిగి ఇంటికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. ఒక చేతిలో పెట్టె, రెండో చేతిలో మూతకు గుడ్డ కట్టిన చిన్న స్టీలు డబ్బా. డబ్బాలో ఏముందని మా అత్తగారు విప్పి చూశారు. పెరుగు.

"ఇంటి నిండా పాడి పెట్టుకుంటే పట్నం నుంచి పెరుగు మోసుకొచ్చావటే!" అన్నారు అత్తగారు.

"పాలు నీవేలే అమ్మా. తోడు మాత్రం నాది" అన్నారు వదినగారు.

అక్కడ ఒంటరిగా ఉన్నన్నాళ్ళూ రోజూ తోడు వేసుకుని బతికించుకున్న పెరుగు అది. ఆ సాయంత్రమే మా పాలల్లో వేశారు. అప్పటి నుంచి మా ఇంట్లో పెరుగు అదే. గిన్నెలో ఒక చెంచాడు తీసి వేరే చిన్న గిన్నెలో పెట్టాకే ఎవరికైనా వడ్డన. పండగనాడు బంధువులు నిండిపోయినా, పెరుగు చాలకపోయినా, ఆ చెంచా జోలికి ఎవరూ వెళ్ళడానికి లేదు. "మజ్జిగ పోయండి వాళ్ళకు. విత్తనాల వడ్లు దంచుకు తింటామా?" అనేవారు.

నేను లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఏ మాటైనా లెక్క కుదిరితే తప్ప ఒప్పుకోను. మేమిద్దరమే మిగిలాక ఒకరోజు ఆవిడతో వాదన పెట్టుకున్నాను. పాల ధర, గ్యాసు, శ్రమ అన్నీ కూడి చూస్తే ఇద్దరు ముసలివాళ్ళకు దుకాణంలో పెరుగు ప్యాకెట్ కొనుక్కోవడమే నయమని కాగితం మీద వేసి చూపించాను.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివారు. "నీ లెక్క సరిగ్గానే ఉంది పిల్లా" అన్నారు. నాకు మనవలు పుట్టినా ఆవిడకు నేను పిల్లనే. "మా ఫ్యాక్టరీ మూసేటప్పుడు కూడా ఇలాంటి లెక్కే చూపించారు. అదీ సరిగ్గానే ఉంది."

"సరిగ్గా ఉంటే మరి బాధేమిటండీ?"

"చిన్నప్పుడు పక్కింటికి తోడు చుక్కకు వెళ్ళేదానివా లేదా?"

"వెళ్ళేదాన్ని."

"శుక్రవారం దీపాలు పెట్టాక వెళితే?"

"ఇచ్చేవాళ్ళు కాదు. లక్ష్మి పోతుందని."

"అదీ సంగతి. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. వాళ్ళ ఇల్లు, వాళ్ళ నియమం. ఆ పూట నీ ఇంట్లో పాలు ఉంటాయి, గిన్నె ఉంటుంది, పెరుగు మాత్రం ఉండదు. నీ లెక్కలో శుక్రవారం లేదు పిల్లా."

ఆ మాటకు నేను వెంటనే లొంగలేదు. అన్నీ ఇంట్లోనే చేసుకోవాలంటే ఏ ఇల్లూ నడవదని ఇప్పటికీ అంటాను. ఆవిడా అన్నీ అనలేదు. "ఉప్పు కొనుక్కో, పప్పు కొనుక్కో. ప్రాణం నిలబెట్టేవి నాలుగుంటాయి. వాటి తోడు మాత్రం ఇంట్లో ఉండాలి" అనేవారు. ఇల్లు అన్నప్పుడు ఆవిడ ఉద్దేశం దేశమని నాకు తెలుసు.

మందుల దుకాణానికి ఆవిడతో వెళ్ళడం ఒక పరీక్ష. ప్రతి స్ట్రిప్పునూ వెనక్కి తిప్పి చదివేవారు. దుకాణదారు, "మన దేశందేనండి మామ్మగారూ, అనుమానం అక్కర్లేదండి" అనేవాడు. "స్ట్రిప్పు మనదే బాబూ. లోపల పొడి ఎక్కడిది?" అని అడిగేవారు. "అది దీనిమీద రాయరండి." "రాయరు. అందుకే నిన్ను అడుగుతున్నా." వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కునేవాళ్ళు. నేను కొంగు పట్టి లాగేదాన్ని.

టీవీలో ఎక్కడో యుద్ధమని, ఓడలు దారి మళ్ళుతున్నాయని చెబుతుంటే మా వీధిలో అందరూ పెట్రోలు గురించి మాట్లాడుకునేవారు. ఆవిడ మాత్రం, "యుద్ధం వాళ్ళది, దగ్గు మనది" అనేవారు. సరిహద్దులో తుపాకులు ఉన్నాయి కదా అని ఎదురింటాయన ఒకసారి ధీమాగా అంటే, "ఉన్నాయండి. కానీ మనమీద కోపం వచ్చినవాడు అంతదూరం నడిచి రావడం ఎందుకండీ? సూదులూ మందులూ పంపడం మానేసి ఇంట్లో కూర్చుంటే చాలు. రోజూ అడుక్కునేవాడికి అలిగే హక్కు ఉండదండి" అన్నారు. ఆయన కాఫీ తాగి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు.

ఆవిడ ఊపిరితిత్తులు పాడయ్యాయి. నిద్రలో ఊపిరికి సాయం చేసే యంత్రం ఇంటికి తెచ్చాము. మంచం పక్కన బల్లమీద ఉండేది. ముక్కుమీద తొడుగు పెట్టుకుంటే గాలిని మెల్లగా లోపలికి తోసేది. మొదటిరోజే దాన్ని తిరగేసి ఏ దేశంలో తయారైందో చదివారు. "ఓహో" అన్నారు, అంతే. దాని చప్పుడుకు నేను అలవాటు పడ్డాను. పక్కగదిలో అది వినబడుతుంటే ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టు.

మొన్న వానలు మొదలయ్యే ముందు ఆ యంత్రం ఆగిపోయింది. రాజమండ్రి నుంచి మెకానిక్కు వచ్చి విప్పి చూశాడు. గాలి ఒత్తిడిని కొలిచే చిన్న భాగం పోయిందన్నాడు.

"మార్చెయ్యి నాయనా" అన్నాను.

"మన దగ్గర దొరకదండి. కంపెనీవాళ్ళు బయటి దేశం నుంచి పంపాలండి. ఆర్డరు పెడతాను. ఓడలు లేటవుతున్నాయంటున్నారండి."

"ఇక్కడ ఎవరూ చెయ్యలేరా?"

"చెయ్యడానికి మన దగ్గర ఏముందండీ? మేము విప్పుతాం, బిగిస్తాం."

వదినగారు మంచంమీద నుంచి, "ఆ అబ్బాయిని ఏమీ అనకు పిల్లా. శుక్రవారం వచ్చింది, అంతే" అన్నారు. మెకానిక్కుకు అర్థం కాక, "ఈరోజు మంగళవారం అండి" అన్నాడు. ఊపిరి అందకపోయినా ఆవిడ నవ్వారు.

అద్దెకు మరో యంత్రం దొరకలేదు. ఆ భాగం వచ్చేదాకా ఆసుపత్రిలో ఉంచడం మంచిదని డాక్టరుగారు అన్నారు. భాగం రాగానే ఇంటికి రావచ్చు. ఆవిడ కోరింది కూడా అదే, ఇంటికి రావడం. కారు ఎక్కడానికి బయల్దేరుతూ ద్వారబంధం పట్టుకుని ఆగారు. దేవుడి దీపం గురించి చెబుతారేమో అనుకున్నాను. "నేను వచ్చేదాకా తోడు చావనివ్వకు" అన్నారు.

మోకాళ్ళ నొప్పితో నేను రోజూ గోదావరి వంతెన దాటి వెళ్ళలేకపోయాను. ఆవిడే రోజూ ఫోను చేసేవారు. ముక్కుమీద తొడుగు తీసి మాట్లాడాలి కనుక మాటలు తక్కువ. ఒంట్లో ఎలా ఉందని నేను అడిగేలోపే, "తోడుకుందా?" అని అడిగేవారు. "తోడుకుందండి" అనేదాన్ని. "పార్టు వచ్చిందా?" అనేవారు. "రాలేదండి." అంతటితో ఫోను పెట్టేసేవారు.

ఆ భాగం సమయానికి వచ్చి ఉంటే ఆవిడ బతికేవారని నేను రాయను. డాక్టరుగారిని సూటిగా అడిగాను. "చెప్పలేమండి. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి" అన్నారు. ఆయన చెప్పలేనిది నేను చెప్పకూడదు. అది వచ్చి ఉంటే, పోయినా తన మంచంమీద, తన కిటికీ పక్కన పోయి ఉండేవారు. అది మాత్రం చెప్పగలను.

మా అబ్బాయి విశాఖపట్నం నుంచి వచ్చి కర్మలన్నీ చేశాడు. బంధువులు వచ్చారు. శుద్ధి రోజున ఇల్లు కడిగి, వంటింట్లో ఉన్న పాతదంతా పారబోసి, గిన్నెలన్నీ తోమించారు. మైల ఇంట్లో అది పద్ధతి. నేను పెరట్లో తలస్నానం చేసి వచ్చేసరికి గిన్నెలు మెరుస్తూ బోర్లించి ఉన్నాయి. ఆ చిన్న గిన్నె కూడా. మా తోడికోడలు, "అంతా శుభ్రం చేసేశానక్కా" అంది. "మంచిపని చేశావమ్మా" అన్నాను. నిజంగా పద్ధతి తప్పలేదు. ఎవరిని ఏమనను? "నేను వచ్చేదాకా" అన్నారు. ఆవిడ ఎలాగూ రారు కదా అని సమాధానం చెప్పుకున్నాను. ఆ సమాధానం నాకే రుచించలేదు.

అందరూ వెళ్ళిపోయాక మెకానిక్కు ఫోను చేశాడు. "అమ్మగారూ, పార్టు వచ్చిందండి" అన్నాడు. "మామ్మగారికి ఎలా ఉందండీ?" అని కూడా అడిగాడు. చెప్పాను. అయ్యో అన్నాడు. అయినా రమ్మన్నాను. ఆ వస్తువు అరచేతిలో చింతగింజంత ఉంది. దాన్ని యంత్రంలో పెట్టించి, అది నడుస్తున్నదని చూసుకుని, ఆసుపత్రికి ఇచ్చి రమ్మన్నాను. నడిచిన ఆ కొంచెంసేపూ పక్కగదిలో ఆ చప్పుడు విన్నాను. తరువాత అతను దాన్ని సంచిలో పెట్టుకుని వెళ్ళాడు.

ఆ సాయంత్రం పాలు కాచాక గుర్తొచ్చింది, ఇంట్లో తోడు లేదని. ఈ ఇంట్లోకి వదినగారు వచ్చాక గిన్నె పట్టుకుని నేను గుమ్మం దాటింది లేదు. ఎదురింటికి వెళ్ళాను. ఆ ఇంటి కోడలు ఫ్రిజ్ తెరిచి చూసి, "ప్యాకెట్ పెరుగుందండి మామ్మగారూ. దాన్ని వేస్తే తోడుకుంటుందో లేదో మరి, నేనెప్పుడూ వెయ్యలేదండి" అంది. పక్కింట్లోనూ ప్యాకెట్టే. ఆ పక్కింట్లో ఆ రోజు అదీ లేదు. "మేము తోడు వెయ్యడం మానేసి చాలాకాలమైందండి" అన్నారు. అందరూ మర్యాదగానే చెప్పారు. లోపలికి రమ్మన్నారు, కూర్చోమన్నారు. వీధి వీధంతా తిరిగి నా గిన్నె నేను ఖాళీగా తెచ్చుకున్నాను. ప్యాకెట్ తెచ్చుకుని ఉండవచ్చు. లెక్క ప్రకారం అదే నయం.

వదినగారు ఒకసారి చెప్పిన మాట ఉంది. మందుల ముడిసరుకు మళ్ళీ మన దేశంలోనే తయారు చేయించడానికి ప్రభుత్వం సాయం చేస్తుందని పేపర్లో చదివి, ఆ రోజు ఆవిడ సంతోషపడ్డారు. వెంటనే భయపడ్డారు కూడా. "తాళం తీస్తే ట్యాంకు తిరుగుతుంది. పని తెలిసిన చేతులు మళ్ళీ రావద్దూ? ఎండు మిరపకాయ తొడిమలు వేసి కొత్తగా తోడు పుట్టించడం చూశావు కదా. మొదటిరోజు జారుగా, వాసనగా ఉంటుంది. దాన్ని తినలేం. దాన్నే తోడుగా మళ్ళీ పాలల్లో వెయ్యాలి. మర్నాడు కాస్త నయం. ఓపిక పడితే పెరుగవుతుంది. మొదటిరోజు గిన్నె చూసి మొహం చిట్లించి, దీనికంటే కొనుక్కోవడం నయమని పారబోస్తారేమోనని నా భయం" అన్నారు.

డబ్బాలోంచి ఎండు మిరపకాయలు తీసి తొడిమలు తుంచాను. ఆవిడలాగే చిటికెనవేలు పాలల్లో ముంచి వేడి చూశాను. తొడిమలు వేసి, మూతపెట్టి, ఆవిడ యంత్రం ఉండే బల్లమీద పెట్టాను. వంటింటికంటే ఆ గది కాస్త వెచ్చగా ఉంటుంది.

పొద్దున లేచి ఆ గదిలోకి వెళ్ళాను. తోడుకుందా అని అడిగేవాళ్ళు లేరు. మూత తీసి, గిన్నె కొంచెం వంచి చూశాను. ఇంకా కదులుతోంది. పారబోయలేదు. ఒక చెంచాడు తీసి చిన్న గిన్నెలో పెట్టాను.